బొగ్గు, యూరియా, తుప్పు

గోదావరి వంతెన మీద బస్సు ఆగిపోయి చాలాసేపయింది. ముందెక్కడో బొగ్గు లారీ ఒకటి ఇరుసు విరిగి రోడ్డుకి అడ్డంగా కూలబడిందట. డ్రైవరు ఇంజను ఆపి, కిందికి దిగి, రెయిలింగుకి వీపు ఆనించి బీడీ ముట్టించాడంటే ఇక ఆ బండి ఇప్పట్లో కదలదనే లెక్క. కింద గోదావరి ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే లేదు. మే నెల ఎండకి ఇసుక తెల్లగా కాలుతోంది. దాని మధ్య సన్నటి నీటిపాయ, ఎవరో ఉతికి ఆరేసి మరిచిపోయిన చీరలా పడి ఉంది.

సారలమ్మ కిటికీ పక్క సీట్లో ఒడిలో సంచి పెట్టుకుని కూర్చుంది. సంచిలో టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, పాత చేతిరుమాలులో చుట్టిన వేలెడంత నల్లటి కడ్డీ. కాలేజీకి పోయి, అటునుంచి అటే రెండో షిఫ్టుకి పోతానని ఇంట్లో చెప్పింది. చౌరస్తాలో కాలేజీ వైపు ఆటో ఎక్కాల్సిన మనిషి, మంచిర్యాల బస్సు కనబడగానే ఎక్కేసింది. గోలేటిలో వాళ్ల పెద్దవ్వ ఉంది. పోయి ఏం చెయ్యాలో, ఎన్నాళ్లుండాలో ఏమీ అనుకోలేదు. ఇవాళ ఒక్కరోజు గోదావరికి అవతల ఉంటే చాలనుకుంది. అవతలి ఒడ్డు ఎదురుగానే కనిపిస్తోంది. బస్సే కదలదు.

ఎదురు వైపునుంచి, లారీ పక్క సందులోంచి, ద్విచక్రవాహనాలు ఒకటొకటే దూరి వస్తున్నాయి. వాటిలో ఒక ముసలి స్కూటరు. దాని ముందు కొక్కేనికి మిఠాయి పెట్టె ఊగుతోంది. ఆ స్కూటరు బస్సు పక్కనుంచి దాటిపోయింది. సారలమ్మ ఊపిరి వదిలింది. స్కూటరు ఆగి, కాళ్లతో నెట్టుకుంటూ వెనక్కి వచ్చింది.

"సరళా! నువ్వేనా? ఆ సంచీ చూసి అనుకున్నాను. ఇటెక్కడికమ్మాయ్?"

హెల్మెట్టు లోపల విశ్వేశ్వరరావుగారి కళ్లజోడు చెమటకి మసకబారిపోయింది.

"గోలేటికి సార్. మా పెద్దవ్వకు పానం బాగలేదంటె..."

"ఇవాళా?"

సారలమ్మ ఒడిలో సంచి సర్దుకుంది. పక్కసీటు సమ్మవ్వ, బస్సు ఎక్కినప్పటినుంచీ ఎవరితో మాట్లాడదామా అని ఎదురుచూస్తున్న మనిషి, అందుకుంది.

"దిగు బిడ్డ, దిగు. సారు స్కూటరన్న కదులుతాంది. ఈ బస్సుకు ఇయ్యాల మస్టరు ఈడనే పడ్డది."

షిఫ్టు హాజరు మాట వినగానే బస్సంతా నవ్వింది. ఆ నవ్వులో సారలమ్మ దిగక తప్పలేదు. రెయిలింగుకి ఆనుకున్న డ్రైవరు కూడా, "పో అక్కా, మాకంటె ముందుగాల ఏదో ఓ దిక్కు చేరుకుంటవు," అని బీడీ చేత్తో దారి చూపించాడు.

"మంచిర్యాలలో కలాకండ్ బావుంటుంది," విశ్వేశ్వరరావుగారు గేరు మారుస్తూ గట్టిగా చెబుతున్నారు. "హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లకి మన వైపు సరుకు పెట్టాలి కదా. మీ పెద్దవ్వకి రేపు నేనే ఫోను చేసి క్షమాపణ చెబుతాను. పట్టుకో, గట్టిగా పట్టుకో."

ఆయన కుడిచెవి సరిగా వినబడదు. పవర్‌స్టేషన్‌లో టర్బైన్ల పక్కన బతికిన చెవి. వెనక కూర్చున్నవాళ్లు ఏం చెప్పినా గాలికే. అది తెలిసే సారలమ్మ రెండుసార్లు "సార్, ఒక మాట" అని పిలిచి చూసింది. "ఆఁ, ఎండే!" అన్నారాయన.

*

ఆమె పుట్టింది మేడారం జాతర అయిన నెలలోనే. వాళ్లమ్మ ఐలవ్వ నిండు కడుపుతో జాతరకి పోయి, బెల్లం బంగారం మొక్కి, తిరిగొచ్చి కన్నది. అందుకని సారలమ్మ. ఆ పేరు మోసినవాళ్లు ఈ ప్రాంతంలో ఇంటికొకరు ఉంటారు. పిలిస్తే బజార్లో నలుగురు తిరిగి చూస్తారు. బాయి మీద ఆమె సారక్క. (బొగ్గుగనిని ఇక్కడ ఎవరూ గని అనరు, బాయి అంటారు. నీళ్లు తోడే బావికీ మనుషుల్ని దింపే బావికీ ఒకే మాట చాలనుకున్నారు.) ప్రయోగశాలలో ఆమె సరళ. విశ్వేశ్వరరావుగారు భీమవరం వైపు మనిషి. ఆయన నోటికి సారలమ్మ తిరిగినా, మొదటిరోజే కురచ చేసి పిలిచారు, అది అలాగే ఉండిపోయింది.

తండ్రి బిక్షం బాయిలో కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని చేసేవాడు. తక్కువ మాటల మనిషి. షిఫ్టుకి పోయేటప్పుడు "పోతున్న" అనిగానీ "పోయొస్త" అనిగానీ ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. డబ్బా తీసుకుని, చెప్పులు తొడుక్కుని, గడప దాటేవాడు. చిన్నప్పుడు సారలమ్మ అడిగింది, ఎందుకు చెప్పవని. "చెప్తె మీ అవ్వ నా మొకం చూస్తది," అన్నాడు. అంతే.

ఆమె వరంగల్‌లో ఎమ్మెస్సీ చదివింది. హైదరాబాదులో పరిశోధనకి సీటు వచ్చిన ఏడాదే బిక్షం కళ్లు పోవడం మొదలైంది. మెడికల్ బోర్డు ఆయన్ని అన్‌ఫిట్ చేసింది. అన్‌ఫిట్ అయిన కార్మికుడి ఉద్యోగం పిల్లల్లో ఒకరికి వస్తుంది. ఈ ఊళ్లో పొలం లేదు, దుకాణం లేదు, తరం నుంచి తరానికి చేతులు మారే ఆస్తంటే అదొక్కటే. తమ్ముడు జైపాల్‌కి అప్పటికింకా మీసాలు రాలేదు. దాంతో ఆ కుర్చీలోకి ఆమె వచ్చి కూర్చుంది. హైదరాబాదు సీటు ఇంకెవరికో పోయింది.

ఆమెకిచ్చిన పని ల్యాంపు రూములో. బాయిలోకి దిగేవాళ్లకి నెత్తిన పెట్టుకునే దీపం ఇవ్వాలి, పైకొచ్చాక తీసుకుని చార్జింగుకి పెట్టాలి. ఇనుప చువ్వల కిటికీ; బయట వరసగా చేతులు. టోకెను లోపలికి, దీపం బయటికి. ఎవరి దీపం వెనక్కి రాకపోతే వాళ్లు ఇంకా కింద ఉన్నట్టు. ఆఖరి దీపం గూట్లోకి వచ్చేదాకా కిటికీ దగ్గరి మనిషి కదలకూడదు. వచ్చిన కొత్తలో ఆమెకిది పెద్ద బరువైన పనిగా, కొంత గొప్పగా కూడా అనిపించింది. తర్వాత తర్వాత, వాళ్లందరూ కిందికి పోయి మీదికి వస్తున్నారు, నేనే ఎటూ పోవటం లేదనిపించసాగింది.

అలాంటి ఒక సెలవురోజున, జ్యోతినగర్ దాటాక ఉన్న ఒక ప్రైవేటు ఇంజినీరింగు కాలేజీలో పార్ట్‌టైము పాఠాలేమైనా దొరుకుతాయేమో అడుగుదామని వెళ్లింది. పాఠాలు దొరకలేదు. మెట్ల కింద గదిలో ఒక పెద్దాయన పాత కొలిమి ముందు గొంతుక్కూర్చుని దాన్ని తిట్టడం కనిపించింది. ఆయనే విశ్వేశ్వరరావుగారు. పవర్‌స్టేషన్‌లో కెమిస్టుగా రిటైరై, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఆ గదిని సొంత ఖర్చుతో ప్రయోగశాలగా మార్చుకున్న మనిషి. "థర్మోకపుల్ పోయినట్టుంది సార్," అంది ఆమె గుమ్మంలోంచే, వేడి చూపించే ముల్లు కదలకపోవడం చూసి. ఆయన తలెత్తి, "ఎవరమ్మా నువ్వు? లోపలికి రా, చెప్పులు బయట విడువు," అన్నారు.

అలా మొదలైంది.

*

హైడ్రోజనూ ఆక్సిజనూ కలిస్తే నీళ్లవుతాయని బళ్లో పిల్లలక్కూడా తెలుసు. మంట పెట్టి కలిపితే పేలతాయి. మధ్యన ఒక పొర అడ్డం పెట్టి, నెమ్మదిగా, పద్ధతిగా కలవనిస్తే కరెంటు వస్తుంది. పొగ ఉండదు, బూడిద ఉండదు. ఆ పెట్టెనే ఫ్యూయల్ సెల్ అంటారు. పొగా బూడిదా తప్ప వేరే ఆకాశం ఎరగని ఊళ్లో ఈ మాట ఎంత వింతగా వినిపిస్తుందో చెప్పనక్కర్లేదు. దాదాపు రెండు వందల ఏళ్ల కిందటే వేల్స్ దేశపు లాయరొకాయన దీన్ని చేసి చూపించాడు. మరి ఇంతకాలం ఊరంతా ఎందుకు రాలేదూ అంటే, ఆక్సిజన్ మహా బద్ధకస్తురాలు. దాన్ని కదిలించాలంటే ఉత్ప్రేరకం కావాలి. అందరికన్నా బాగా కదిలించేది ప్లాటినం. ప్లాటినం ధరకి బస్సు నడపడమంటే రాజుగారి ఏనుగు మీద కట్టెలు తోలుకోవడమే.

ఇక్కడొక ముచ్చట. దక్షిణ అమెరికా నదుల్లో బంగారం కోసం గాలించిన స్పెయిన్ వాళ్లకి ఈ తెల్లలోహం మొదట చీదరగా ఉండేది. కరగదు, వంగదు, పైగా బరువు చూస్తే బంగారమంత. దొంగలు దీనికి బంగారు పూత పూసి అసలు బంగారమని అమ్మేవారట. మోసానికి పనికొస్తుందని అక్కడి అధికారులు దొరికింది దొరికినట్టు నదుల్లో పారబోయించారు. నకిలీ సరుకుగా లోకంలోకి వచ్చిన లోహం అది.

ఉత్ప్రేరకమంటే ఏందని ఐలవ్వ ఒకరోజు అన్నం కలుపుతూ అడిగింది. సారలమ్మ ఆలోచించి చెప్పింది:

"మన పోశం కాక లేడా, బాయి మీద లిఫ్టు కాడ బెల్లు కొట్టేటాయన? గట్లనే అవ్వ. అందర్ని కిందికి మీదికి తోలుతడు. తాను మాత్రం ఆడికెల్లి ఇంచు కదలడు, అరగడు తరగడు."

"మరి ఆయన్ని ఎవలు తోలుతరు?"



ప్లాటినానికి బదులు కార్బన్ పొడిలో ఇనుమునీ నైట్రోజన్నీ ఇరికించి పనిచేయించవచ్చని ప్రపంచమంతటా చాలామంది ప్రయత్నిస్తున్నారు. వీళ్లిద్దరూ ప్రయత్నించారు. ల్యాంపు రూము పక్కన రాలిన బొగ్గు తెచ్చి, నూరి, కడిగారు. నైట్రోజన్ కోసం యూరియా కలిపారు. ఎరువుల ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లో దానికేం కొదవ? ఇనుము కోసం దీపాలు పెట్టే పాత ఇనుప ర్యాకు మీది తుప్పు గీకి, ఆమ్లంలో కరిగించి పోశారు. గాలి తగలకుండా కొలిమిలో ఎర్రగా కాల్చి, మళ్లీ కడిగారు. "బొగ్గు మనదే, యూరియా మనదే, తుప్పు మనదే!" అనేవారు విశ్వేశ్వరరావుగారు, పెళ్లిలో చదివింపులు చదివినట్టు. ఆయన భార్య లలితాంబగారు అటుకుల ఉప్మా పంపిస్తూ, "వీటికే ఇంత ఆర్భాటమైతే వజ్రాలు దొరికితే మమ్మల్ని గుర్తుపడతారా?" అని చీటీ పెట్టేవారు.

పరీక్ష పెట్టే పద్ధతి తేలికే. గాజుగిన్నెలో పలుచని ఆమ్లం. అందులో ఆక్సిజన్ బుడగలు. ఒక కడ్డీ మొన మీద వీళ్ల నల్లపొడి. దానికి ఎదురుగా, కరెంటు వలయం పూర్తవడానికి ఇంకో కడ్డీ. ముందుకీ వెనక్కీ కరెంటు తిప్పుతూ పోతే కంప్యూటరు తెర మీద ఒక గీత వస్తుంది. గీత కుడివైపుకి ఎంత జరిగితే పొడి అంత చురుకైనదని లెక్క.

ఎదురు కడ్డీగా విశ్వేశ్వరరావుగారు ప్లాటినం తీగె పెట్టారు. సర్వీసంతా ఆయన బూడిదని ప్లాటినం గిన్నెలో కాల్చి తూచినవారు. ఏ ఆమ్లం పోసినా, ఏ మంటలో పెట్టినా ఆ గిన్నె బరువు చెక్కుచెదరలేదు. ఈ లోకంలో నమ్మదగ్గవి రెండే, ప్లాటినమూ లలితాంబా అనేవారు. అందుకే కార్బన్ కడ్డీ కొందామని సారలమ్మ అడిగితే, "బంగారంలాంటి తీగె ఉండగా పెన్సిలు ముక్కెందుకమ్మాయ్," అన్నారు. బూడిద తూచిన కెమిస్టు మాత్రమే చేయగల పొరపాటు అది.

గీత కుడికి జరిగింది. మర్నాడు ఇంకొంచెం జరిగింది. తిప్పినకొద్దీ జరుగుతూ, చివరికి ప్లాటినం గీతకి చేరువగా వెళ్లి నిలిచింది. ఆయన ఆ సాయంత్రం కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకున్నారు. ఆ గీత బొమ్మ హైదరాబాదుకి పంపారు. హైడ్రోజన్ బస్సుల మీద పనిచేసే ఒక సంస్థ చూసి, మనిషిని పంపుతాం, కళ్లముందు చేసి చూపిస్తే అమ్మాయికి మా దగ్గర పరిశోధన ఉద్యోగం ఇస్తామంది.

ఆ వార్త ఇంట్లో చెప్పిన రోజు జైపాల్ కంచం ముందునుంచి లేచిపోయాడు. ఇప్పుడు వాడు పైనుంచే బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు టిప్పరు తోలుతున్నాడు. గుమ్మంలో నిలబడి అన్నాడు:

"అక్కా, నువ్వు నౌకరి ఇడిసిపెడితె అది నాకు రాదు, తెలుసు గద? ఇంటికి ఒక్కటే సారి. గాలిల కలిసిపోతది. నీ బొగ్గుపొడి తోని మేం బువ్వ వండుకోవాల్నా?"

బిక్షం అలికిడి వచ్చిన వైపు మొహం తిప్పాడు. చూపు లేని మొహం. అటే తిరిగి అన్నాడు:

"పోనియ్యి జైపాల్. నేను కింద ఉన్న, అది కిటికీల ఉన్నది. ఎవలో ఒగలు ఎల్లాలె గద. పో బిడ్డ, నువ్వు పో."

ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదు, సంతోషంతో కాదు. అప్పటికే ఒక చిన్న ముల్లు గుచ్చుకుంటోంది. పని చేసేది ఏదైనా అలసిపోతుంది. దీపం షిఫ్టు మొదట్లో తెల్లగా వెలిగి, చివరికి పచ్చబడి తిరిగొస్తుంది. షిఫ్టు చివర మరింత వెలుగుతూ వచ్చిన దీపాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. అలాంటిది చేతికొస్తే మెచ్చుకోదు, విప్పి చూస్తుంది.

విశ్వేశ్వరరావుగారు పెళ్లికని భీమవరం వెళ్లినప్పుడు విప్పి చూసింది. పాత టార్చి సెల్ పగలగొట్టి, లోపలి కార్బన్ కడ్డీ తీసి, మరిగించి కడిగి, ప్లాటినం తీగె స్థానంలో పెట్టింది. కొత్త ఆమ్లం, కొత్త పొడి. గీత ఎడమవైపు ఉండిపోయింది. ఎన్నిసార్లు తిప్పినా కుడికి కదలలేదు. పోనుపోను కొంచెం నీరసించింది కూడా. ప్లాటినం అటూ ఇటూ కరెంటు తగిలేకొద్దీ కంటికి కనబడనంత కరిగి, ఎదురుగా ఉన్న నల్లపొడి మీద వాలుతోంది. వీళ్లు సంబరపడిన చురుకంతా దానిదే. ఆమె కడ్డీని రుమాల్లో చుట్టి దాచింది. ఆయన భీమవరం నుంచి పూతరేకులు తెచ్చి, "హైదరాబాదు పోయాక ఇవి దొరకవు, తిను," అంటే తింది.

*

చౌరస్తా దాటాక టీకొట్టు ముందు స్కూటరు ఆగింది. విశ్వేశ్వరరావుగారు హెల్మెట్టు తీసి, జేబురుమాలుతో బట్టతల తుడుచుకుని, రెండు టీలు చెప్పారు. సారలమ్మ వెళ్లి ఆయన ఎడమచెవి వైపు నిలబడింది.

"సార్, ఆ తీగె కరుగుతాంది."

ఆయన గ్లాసులో మీగడని వేలితో పక్కకి తీశారు.

"తెలుసమ్మా."

రోడ్డు మీద టిప్పరు ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయింది. కొట్టతను స్టవ్వు మీద మూత పెట్టాడు.

"ఎట్ల తెలుసు?"

"తూచాను. అలవాటు కదా, చేతిలో ఏదుంటే అది తూస్తాను. మొదట త్రాసు పాడైందనుకున్నాను. రెండు త్రాసులు మార్చాను. నా సర్వీసులో ప్లాటినం బరువు తగ్గడం నేను చూడలేదు సరళా. ఆ రాత్రి మీ ఆంటీతో కూడా చెప్పలేదు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెబితే నువ్వు ఆ చువ్వల వెనకే ఉండిపోతావు కనక." ఆయన గొంతు తగ్గించారు. చెవిటివాడు గొంతు తగ్గిస్తే పక్క బల్ల దాకా వినబడుతుంది. "వచ్చే ప్రసూనగారిది మెకానికల్ చదువు. ఏ కడ్డీ ఎందుకని అడగదు. గీత చూస్తుంది, సంతకం పెడుతుంది. నువ్వు ముందు గేటు దాటు. అక్కడ మంచి యంత్రాలుంటాయి, అసలుది అక్కడ చేద్దువుగాని. మన పొడి అంత తీసిపారేసేదేం కాదు. కాస్త టైము కావాలంతే."

"అక్కడ తెలిసినోళ్లు ఉంటరు సార్. ఒక్క దినంల పట్టుకుంటరు."

"పట్టుకుంటే తప్పు నాది. తీగె పెట్టింది నేనే కదా. ముసలాడికి తెలియక పెట్టాడని చెప్పు. నేనేం ఉద్యోగాలు వెతుక్కోవాలా?"

సారలమ్మ టీ గ్లాసు చేతిలోనే ఉంది. ఆయన మీద కోపం వస్తే బాగుండేది. రాలేదు. బాపు 'పో బిడ్డ' అన్నాడు. ఈయన 'గేటు దాటు' అంటున్నాడు. ప్రేమగల వాళ్లందరూ కలిసి ఒక సొరంగం తవ్వి, ఇటునుంచి పో అంటున్నారు. ఆ సొరంగానికి కప్పు నిలబెట్టే దిమ్మె లేదు. దిమ్మె లేని చోటికి పోవద్దని బిక్షం చిన్నప్పటినుంచీ చెప్పిందే.

"ఆడికి పోయినంక గుడ పొద్దుగాల లేస్తె గీ తీగెనే యాదికొస్తది సార్."

"కొన్నాళ్లు వస్తుంది. తర్వాత పోతుంది."

"మీకు పోయిందా?"

ఆయన హెల్మెట్టు పెట్టుకున్నారు. బకిల్ రెండుమూడుసార్లు జారింది.

*

ప్రసూన ముప్పై ఐదు దాటని మనిషి. చురుకైన మాట, చేతిలో రెండు ఫోన్లు. గుమ్మం బయట చెప్పులు విడిచి వచ్చి, "మీరేనా సరళగారు? మీ గ్రాఫు మా ఆఫీసులో గోడకి అంటించారు తెలుసా," అంది. కలాకండ్ ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. "అబ్బ! హైదరాబాదులో ఇది దొరకదు."

"బొగ్గు మనదే," అని మొదలుపెట్టారు విశ్వేశ్వరరావుగారు.  "యూరియా మనదే..."

గాజుగిన్నె సిద్ధంగా ఉంది. ప్లాటినం తీగె చుట్ట ఆమ్లంలో మెరుస్తోంది. కడ్డీ మొన మీద పాత పొడి, రోజుల తరబడి ప్లాటినం తాగి బలిసిన పొడి, అలాగే ఉంది. ఆయన పొద్దున్నే వచ్చి అమర్చి పెట్టినట్టున్నారు. మీట నొక్కడమొక్కటే మిగిలింది. గీత కుడికి వెళ్తుంది, సంతకం పడుతుంది, కిటికీ, చువ్వలు, టోకెన్లు వెనకబడతాయి.

"మొదలుపెడదామా?" అంది ప్రసూన.

సారలమ్మ మీట దగ్గరికి కాదు, సింకు దగ్గరికి వెళ్లింది. గిన్నెలో ఆమ్లం పారబోసింది. గిన్నె కడిగి, కొత్త ఆమ్లం పోసింది. కడ్డీ మొన రుద్ది, తాజా పొడి చుక్క పెట్టి ఆరనిచ్చింది. ప్లాటినం తీగెని నీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, విశ్వేశ్వరరావుగారి అరచేయి పట్టుకుని అందులో పెట్టింది. ఆయన వేళ్లు దాని చుట్టూ మూసుకున్నాయి.  ఆమె సంచిలోంచి రుమాలు తీసి విప్పి, నల్లటి కడ్డీని తీగె స్థానంలో బిగించింది. ఆక్సిజన్ వదిలింది.

గీత మెల్లగా వచ్చింది. హైదరాబాదుకి పంపిన గీతకి చాలా ఎడమగా. రెండోసారి తిప్పితే అక్కడే. మూడోసారి వెంట్రుకవాసి వెనక్కి.

"ఏమైంది?" అంది ప్రసూన తెర దగ్గరికి వంగి. "మీరు పంపింది ఇలా లేదే?"

"అది ప్లాటినం చేసిన పని మేడం. ఎదురుంగ పెట్టిన తీగె కరిగి పొడి మీద పడ్డది. మేం చూసుకోలే." కొంచెం ఆగింది. "ఇది మాది."

ప్రసూన తెరకేసీ ఆమెకేసీ చూసింది. చెడ్డ మనిషి కాదు. మొహంలో విసుగు కనబడకుండా ఆపుకుంది. ఒక ఫోను బోర్లించి పెట్టింది.

"నిజం చెప్పారు, థాంక్స్. కానీ సరళగారూ, ఈ గీతతో నేను మా కమిటీ ముందుకి వెళ్లలేను. ఇంతకన్నా మంచివి ఇప్పటికే ఉన్నాయి కదా. ఇంకాస్త మెరుగైతే పంపండి, తప్పకుండా చూస్తాం."

ఆ "చూస్తాం" అనే మాట ఈ ఊళ్లో అందరికీ తెలుసు. అర్జీ పట్టుకుపోయిన ప్రతి ఆఫీసులోనూ వినబడేదే.

అప్పుడు విశ్వేశ్వరరావుగారిలో ఏదో కదిలింది. తీగె పిడికిట్లోనే ఉంది. ఆ పిడికిలి బల్ల మీద పెట్టి ఆయన మాట్లాడటం మొదలుపెట్టారు. ఈ గీత చిన్నదేం కాదన్నారు. ఇనుప ర్యాకు మీది తుప్పుకీ, ల్యాంపు రూము పక్కన రాలిన బొగ్గుకీ ఈ మాత్రం ప్రాణం రావడం మీరెక్కడైనా చూశారా అన్నారు. తప్పు తీగెది కాదు, తనదన్నారు. తనకి ముందే తెలుసన్నారు కూడా. ప్రసూన అడ్డుపడబోయింది. ఆయనకి వినబడలేదు, లేదా వినబడనట్టు ఉండటం అప్పటికి పనికొచ్చింది. ఆ మనిషి ఆ గదిలో అంత అందంగా ఎన్నడూ మాట్లాడలేదు. ప్లాటినాన్ని నదిలో పారబోసిన రోజులనుంచి ఎత్తుకుని, కూర్చోమని ప్రసూనకి స్టూలు జరిపి, బొగ్గు రేణువులో ఇనుము ఎక్కడ ఇరుక్కుంటుందో బల్ల మీద చాక్‌పీసుతో గీయసాగారు. ప్రసూన రెండో కలాకండ్ ముక్క చేతిలో పట్టుకుని, తినాలో వినాలో తెలియక వింటోంది.

సారలమ్మ తెర ఆపింది. ఆక్సిజన్ సిలిండరు మీట బిగించి, ఒకసారి చేత్తో తట్టి చూసింది. కార్బన్ కడ్డీ కడిగి రుమాల్లో చుట్టింది. గోడగడియారం వైపు చూసింది. రెండో షిఫ్టు వాళ్లు కాసేపట్లో కిటికీ ముందు చేతులు చాపుతారు. పొద్దున బస్సెక్కినప్పుడు ఇవాళ ఆ చేతులకి దీపాలు ఎవరిస్తారో ఆలోచించలేదు. ఇప్పుడు అదొక్కటే ఆలోచన. సంచిలో టిఫిన్ డబ్బా ఇంకా గోరువెచ్చగా తగిలింది.

పోతున్నానని చెబితే సారు నా మొహం చూస్తాడు.

గుమ్మం బయట మూడు జతల చెప్పులున్నాయి. తనవి తొడుక్కుంది. కారిడారు చివర ఎండ కొలిమి తలుపు తీసినట్టు కొట్టింది. ఆమె ఎండలోకి దిగి నడిచింది.

వెనక మెట్ల కింది గదిలోంచి, బల్ల మీద చాక్‌పీసు చప్పుడు ఆగి, విశ్వేశ్వరరావుగారి గొంతు పెద్దగా వినిపించింది, పక్కనే ఉందనుకున్న మనిషిని అడిగినట్టు:

"సరళా, ఆక్సిజన్ కట్టేశావా?"

కట్టేసింది. వెనక్కి తిరగకుండా గేటు వైపు నడిచింది.